పిల్లి కళ్లలో మార్పులు, వ్యాధి సూచనలు

పిల్లి కంట్లో కనిపించే మార్పుల్లో కొన్ని కంటికే పరిమితం. చాలావాటికి మూలం ఒంట్లో మరోచోట ఉంటుంది. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, కాలేయ వ్యాధి, వైరస్‌లు, క్యాన్సర్, విషాలు, ఆహార లోపాలు ఏదో ఒక దశలో కంట్లో ఆనవాలు చూపిస్తాయి. పిల్లి నొప్పిని బయటపెట్టే జంతువు కాదు. ఒంట్లో బాగా లేకపోతే మంచం కిందికో అటక మీదికో చేరి ముడుచుకుంటుంది. తిండి మానేసిందని ఇంట్లోవాళ్లు గమనించేసరికి జబ్బు ముదిరి ఉండవచ్చు. కన్ను మాత్రం రోజూ ఎదురుగానే ఉంటుంది. దాన్ని చూడడం తెలిస్తే కొన్ని జబ్బులను వారాల ముందే పట్టుకోవచ్చు.

చూడవలసినవి మూడు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా? ఒక కంటికీ రెండో కంటికీ తేడా ఉందా? ఆ తేడా ఎంత వేగంగా పెరుగుతోంది? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితే పశువైద్యుడి పని సగం తేలికవుతుంది.

ఆరోగ్యంగా ఉన్న కన్ను

పిల్లిపిల్లలు కళ్లు మూసుకునే పుడతాయి. 7 నుంచి 14 రోజుల మధ్య రెప్పలు విడతాయి. మొదట అన్నిటి కళ్లూ నీలంగానే ఉంటాయి. కొన్ని వారాలు గడిచాక కనుపాప చుట్టూ ఉండే ఐరిస్‌లోకి రంగు చేరి పసుపు, ఆకుపచ్చ, రాగి ఛాయలు వస్తాయి. ఈ వయసులో రంగు మారడం జబ్బు కాదు. రెప్పలు విడవకముందే మూసిన రెప్ప ఉబ్బినా, కొలికి నుంచి చీము కారినా మాత్రం అది అత్యవసరం. లోపల చీము పట్టి కన్నే పోయే ప్రమాదం ఉంది. వైద్యుడు రెప్పలను జాగ్రత్తగా విడదీసి కడగాలి.

పిల్లి కనుపాప వెలుతురులో నిలువు గీతలా సన్నబడుతుంది, చీకట్లో గుండ్రంగా విప్పారుతుంది. మనిషి కనుపాప వైశాల్యం అతి చిన్న స్థాయి నుంచి అతి పెద్ద స్థాయికి సుమారు 15 రెట్లు మారితే, పిల్లిది 135 రెట్లు మారుతుంది. రెటీనా వెనక ఉండే టేపీటం అనే మెరుపు పొర, లోపలికొచ్చిన వెలుగును మళ్లీ రెటీనా మీదికే తిప్పికొడుతుంది. రాత్రి కారు దీపాల ముందు పిల్లి కళ్లు ఆకుపచ్చగా మెరవడానికి కారణం ఇదే. ఇంట్లో దీపం వెలుతురులోనే కళ్లు అదే పనిగా మెరుస్తున్నాయంటే కనుపాపలు ముడుచుకోవడం లేదని అర్థం. అది పట్టించుకోవలసిన సంగతి.

మామూలు కన్ను తడిగా, తేటగా ఉంటుంది. రెండూ సమానంగా తెరుచుకుంటాయి. రెప్ప లోపలి పొర లేత గులాబీ రంగులో ఉంటుంది. నిద్ర లేచాక కొలికిలో చిన్న గోధుమరంగు పుసి ఉండడం సహజం. సయామీ పిల్లుల్లో మెల్లకన్ను, కళ్లు అటూ ఇటూ ఊగడం పుట్టుకతో రావచ్చు. వాటి కంటి నరాల తీగలు మెదడుకు వేరే దారిలో చేరడమే దీనికి మూలం. మిగతా పిల్లుల్లో కళ్లు కొత్తగా ఊగడం మొదలైతే లోపలి చెవినో మెదడునో అనుమానించాలి. పెర్షియన్ పిల్లుల ముఖం నొక్కినట్టు ఉండడం వల్ల కన్నీరు ముక్కులోకి దిగక చెంపల మీదికి కారి గోధుమరంగు చారలు కడుతుంది. ఆ చారలు జబ్బు కాకపోయినా, ఆ జాతిలో కంటి బాధలు ఎక్కువన్న మాట నిజం. హైదరాబాదు, విజయవాడ, విశాఖ ఇళ్లలో పెర్షియన్‌లు పెరుగుతున్న కొద్దీ ఈ సంగతి తెలిసి ఉండడం అవసరమవుతోంది.

మూడో రెప్ప

పిల్లి కంటికి ముక్కువైపు మూలలో మూడో రెప్ప ఉంటుంది. తెల్లటి పలుచని పొరలా కనిపిస్తుంది. మెలకువగా, హుషారుగా ఉన్న పిల్లిలో అది దాదాపు కనబడదు. గాఢనిద్ర నుంచి లేపినప్పుడో, మత్తుమందు ప్రభావంలోనో సగం దాకా వచ్చి వెళ్లిపోతుంది. గంటలు గడిచినా వెనక్కి పోకపోతే కారణం వెతకాలి.

రెండు కళ్లలోనూ పొర పైకి వచ్చి ఉంటే చూపు ఒంటి వైపు తిప్పాలి. ఒంట్లో నీరు తగ్గినా, బక్కచిక్కినా కనుగుడ్డు వెనకున్న కొవ్వు, ద్రవం తగ్గి గుడ్డు కాస్త లోపలికి దిగుతుంది, పొర ముందుకొస్తుంది. విరేచనాలు పట్టిన కుర్ర పిల్లుల్లో కొన్నిసార్లు పిల్లి బాగానే ఆడుకుంటున్నా రెండు పొరలూ వారాల తరబడి బయటే ఉండిపోతాయి. దీన్ని హాస్ సిండ్రోమ్ అంటారు. చాలామటుకు దానంతటదే తగ్గుతుంది. పేగుల్లో పురుగులున్నాయేమో చూసి మందివ్వడం మంచిది.

ఒక్క కంట్లోనే పొర వస్తే రెండు దారులున్నాయి. కన్ను నొప్పిగా ఉంటే గాయమో పుండో ఉండవచ్చు. నొప్పి లేకుండా, అదే వైపు కనుపాప చిన్నదై, పైరెప్ప వాలి, గుడ్డు లోపలికి దిగినట్టుంటే అది హార్నర్ సిండ్రోమ్. స్విట్జర్లాండ్ నేత్రవైద్యుడు యోహాన్ ఫ్రెడరిక్ హార్నర్ 1869లో మనుషుల్లో వర్ణించిన స్థితి ఇది. మెదడు నుంచి ఛాతీ దాకా దిగి, మెడ మీదుగా పైకి వచ్చి, మధ్య చెవి పక్కనుంచి కంటికి చేరే నరం దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా ఇదే రూపం వస్తుంది. కుక్క మెడ పట్టుకుని కుదిపిన పిల్లిలో, బండి తగిలిన పిల్లిలో, మధ్య చెవిలో చీము పట్టిన పిల్లిలో దీన్ని చూస్తాం. ఇక్కడ కంటి చుక్కలతో పని జరగదు. చెవి, మెడ, ఛాతీ పరీక్షించాలి.

1982లో బ్రిటన్‌లో కీ, గాస్కెల్ అనే పశువైద్యులు మరో వింత స్థితిని వర్ణించారు. మూడో రెప్పలు బయటికొచ్చి, కనుపాపలు పెద్దవై కదలకుండా ఉండి, ముక్కు ఎండిపోయి, మలబద్ధకం పట్టే జబ్బు అది. స్వయంచాలిత నాడీ వ్యవస్థ మొత్తం దెబ్బతినడమే దాని మూలం. ఇప్పుడది అరుదు.

కండ్లకలక, జలుబు

వీధిలో దొరికిన పిల్లిపిల్ల కళ్లు పుసులతో అతుక్కుపోయి ఉండడం అందరూ చూసిందే. మనుషుల్లో కండ్లకలకకు కారణాలు రకరకాలు. పిల్లుల్లో మాత్రం వేరే రుజువు దొరికేదాకా అది అంటువ్యాధే అనుకోవాలి. ప్రధాన కారకాలు పిల్లుల హెర్పిస్ వైరస్, క్లమీడియా ఫెలిస్ అనే బాక్టీరియా. కాలిసివైరస్‌తో నోటిపుండ్లు ఎక్కువ, కంటి బాధ తక్కువ.

హెర్పిస్ వైరస్‌ను 1958లో అమెరికాలో వర్ణించారు. తుమ్ములు, జ్వరం, ముక్కు కారడం, ఎర్రబడిన కళ్లు దాని తొలి దాడి లక్షణాలు. తగ్గిన తర్వాత కథ ముగియదు. సోకిన పిల్లుల్లో ఎక్కువ భాగం ఆ వైరస్‌ను ముఖానికి వచ్చే నరాల ముడిలో జీవితాంతం మోస్తాయి. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, ఆపరేషన్ జరిగినా, స్టీరాయిడ్ మందు పడినా అది మళ్లీ లేస్తుంది. ఎప్పుడూ ఒకే కన్ను, ఏడాదిలో రెండు మూడుసార్లు నీరు కారుతోందని చెప్పే పిల్లుల చరిత్ర తవ్వితే చిన్నప్పటి జలుబు బయటపడుతుంది. ఈ వైరస్ నల్లగుడ్డు మీద చెట్టుకొమ్మల ఆకారంలో సన్నని పుండ్లు వేస్తుంది. ఆ ఆకారం కనిపిస్తే హెర్పిస్ అని దాదాపు నిర్ధారణే. పిల్లిపిల్లల్లో దాడి తీవ్రమైతే రెప్ప లోపలి పొర నల్లగుడ్డుకు అతుక్కుపోయి శాశ్వతంగా మసక మిగులుతుంది. వీధి పిల్లులు కొన్నిటికి కంటి మీద గులాబీరంగు తెర ఉండడానికి ఒక కారణం ఇదే.

క్లమీడియా తీరు వేరు. ముందు ఒక కన్ను, కొన్ని రోజుల్లో రెండోది. రెప్ప లోపలి పొర నీటితో ఉబ్బి బయటికి పొంగుతుంది, తుమ్ములు తక్కువ. దీనికి కంటి చుక్కలు చాలవు. నోటి ద్వారా డాక్సీసైక్లిన్ సుమారు 4 వారాలు, ఇంట్లో ఉన్న పిల్లులన్నిటికీ ఇవ్వాలి. డాక్సీసైక్లిన్ మాత్ర పిల్లి గొంతుకలో ఇరుక్కుని ఆహారనాళాన్ని కాల్చేస్తుంది కాబట్టి వెంటనే కాస్త నీళ్లో తిండో మింగించాలి. ఈ బాక్టీరియా మనుషులకు సోకడం అరుదే అయినా, పుసి తుడిచిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

హెర్పిస్‌కు ఫామ్‌సైక్లోవిర్ పనిచేస్తుంది. మనుషుల హెర్పిస్‌కు వాడే ఎసైక్లోవిర్ మాత్రలు పిల్లి ఎముక మజ్జను దెబ్బతీస్తాయి, ఇవ్వకూడదు. లైసీన్ పొడి చాలాకాలం వాడుకలో ఉండేది. 2015లో వెలువడిన ఒక సమీక్ష దాని వల్ల ప్రయోజనం లేదని తేల్చి, వాడడం మానేయమంది. టీకా ఈ వైరస్‌ను పూర్తిగా ఆపలేకపోయినా జబ్బు తీవ్రతను బాగా తగ్గిస్తుంది.

నల్లగుడ్డు మీద

పిల్లుల పోట్లాటలో గోరు మొదట తగిలేది ముఖానికే. నల్లగుడ్డు మీద గీత పడిన పిల్లి ఆ కన్ను తెరవదు. నీళ్లు కారతాయి, పంజాతో రుద్దుకుంటుంది. పుండు చిన్నదైతే పైకి ఏమీ కనబడకపోవచ్చు. కిటికీ పక్కన పగటి వెలుతురులో పిల్లిని కూర్చోబెట్టి, పక్కనుంచి దాని కంటిని చూడాలి. బాగున్న నల్లగుడ్డు (కార్నియా) మీద కిటికీ ప్రతిబింబం అంచులు నున్నగా పడతాయి. పుండు ఉన్నచోట ఆ అంచు చెదిరి కనిపిస్తుంది. వైద్యుడు ఫ్లోరెసిన్ అనే నారింజరంగు మందు వేసి నీలం దీపం కింద చూస్తే, పుండు ఆకుపచ్చగా వెలుగుతుంది. ఈ పరీక్ష నిమిషంలో అయిపోతుంది. నొప్పి ఉన్న ప్రతి కంటికీ చేయదగ్గది.

అది చేయకుండా మందు వేయడం ఎంత ప్రమాదమో గట్టిగా చెప్పాలి. మెడికల్ షాపులో అడిగితే దొరికే ఎర్రకన్ను చుక్కల్లో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోనో బీటామెథసోనో ఉంటుంది. ఈ స్టీరాయిడ్ వేసిన మొదటి రోజు కన్ను తెల్లబడి హాయిగా కనిపిస్తుంది. కింద పుండు ఉంటే అది మానడం ఆగిపోతుంది, హెర్పిస్ రెచ్చిపోతుంది, పుండు కరిగి నల్లగుడ్డుకు చిల్లు పడవచ్చు. ఇంట్లో ఎవరికో రాసిచ్చిన సీసాలో మిగిలిన చుక్కలు, పాలు, తేనె, టీ డికాషన్, పసుపునీళ్లు ఏవీ పిల్లి కంట్లో వేయకూడదు. పుసి తుడవడానికి కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన శుభ్రమైన దూది చాలు. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకూడదు.

గోరు లోతుగా దిగి లోపలి లెన్స్‌కు చిల్లు పడితే వెంటనే వాపు, ఆ తర్వాత శుక్లం వస్తాయి. అలా దెబ్బతిన్న కంట్లో ఏళ్ల తర్వాత సార్కోమా అనే కణితి పుట్టడం పిల్లుల్లో తెలిసిన విషయమే. కుంచించుకుపోయిన పాత కన్ను హఠాత్తుగా ఉబ్బడం, ఎర్రబడడం మొదలైతే ఆలస్యం చేయకూడదు.

నల్లగుడ్డు మధ్యలో గోధుమ లేదా నల్లటి మచ్చ తేలితే అది సీక్వెస్ట్రం, అంటే చచ్చిపోయిన కార్నియా ముక్క. పెర్షియన్, హిమాలయన్ పిల్లుల్లో ఎక్కువ. మచ్చ నల్లగా ఉందని దుమ్మేమో అనుకుని గోటితో తీయబోయే వాళ్లున్నారు. ఎంత మాత్రం తగదు. చాలావాటికి శస్త్రచికిత్స అవసరమవుతుంది. తెల్లటి గులాబీ పలకల్లా పొర పేరుకునే ఇసినోఫిలిక్ కెరటైటిస్ ఇంకో స్థితి. ఇందులో స్టీరాయిడ్ నిజంగానే మందు. చూడడానికి దగ్గరగా ఉండే రెండు జబ్బుల్లో ఒకదానికి విషమైనది మరొకదానికి వైద్యం కావడం వల్లే ఇంట్లో ఊహించి మందు వేయకూడదంటారు.

కన్ను లోపలి వాపు

పిల్లి కంటి జబ్బుల్లో ఒంటితో అన్నిటికంటే గట్టి బంధం ఉన్నది యువియైటిస్. ఐరిస్, దాని వెనకున్న రక్తనాళాల పొరలు వాచే స్థితి ఇది. గమనించగలిగితే ముందు కనిపించేది రంగు. పచ్చగా ఉన్న ఐరిస్ బురదరంగుకో రాగిరంగుకో తిరుగుతుంది. కనుపాప చిన్నదవుతుంది. కన్ను మసకబారుతుంది. వెలుతురు చూడలేక సగం మూస్తుంది. నల్లగుడ్డు లోపలి వైపు కింది భాగంలో చిన్న చిన్న బూడిదరంగు చుక్కలు పేరుకుంటాయి. కొన్నిసార్లు అడుగున చీమో రక్తమో మట్టంగా నిలుస్తుంది. కంటి పీడనం మామూలు కంటే తగ్గుతుంది. విచిత్రం ఏమిటంటే కొన్ని పిల్లుల్లో ఎరుపు గానీ నొప్పి గానీ పెద్దగా ఉండవు. రంగు మారిందని తప్ప వేరే ఫిర్యాదు ఉండదు.

దెబ్బ వల్ల వచ్చిందైతే ఒక కంటికే వస్తుంది. దెబ్బ తగలకుండా, ముఖ్యంగా రెండు కళ్లకీ వస్తే రక్తపరీక్ష తప్పదు. వెతకవలసినవి: 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం కనిపెట్టిన ల్యుకీమియా వైరస్, 1986లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో ఒక పిల్లుల గుంపులో నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో గుర్తించిన ఇమ్యునోడెఫిషియెన్సీ వైరస్, టాక్సోప్లాస్మా, క్రిప్టోకాకస్ వంటి శిలీంధ్రాలు, లింఫోమా. వీటన్నిటికంటే కుర్ర పిల్లుల్లో ఎక్కువగా భయపెట్టేది ఎఫ్ఐపీ (ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటొనైటిస్).

ఎఫ్ఐపీని 1963లో బోస్టన్ పశువైద్యశాలలో పనిచేసిన జీన్ హోల్జ్‌వర్త్ తొలిసారి వర్ణించారు. పిల్లుల పేగుల్లో మామూలుగా తిరిగే కరోనావైరస్ కొన్ని పిల్లుల ఒంట్లో రూపు మార్చుకుని రక్తనాళాలను వాపుకు గురిచేస్తుంది. కడుపులో నీరు చేరే రకం ఒకటి, నీరు చేరని పొడి రకం ఇంకొకటి. కంటి లక్షణాలు, నరాల లక్షణాలు పొడి రకంలో ఎక్కువ. ఏడాది వయసు పిల్లి, తగ్గని జ్వరం, తగ్గుతున్న బరువు, రంగు మారిన కన్ను: ఈ నాలుగూ కలిస్తే వైద్యుడి మనసు ఎఫ్ఐపీ వైపు పోతుంది.

ఐదున్నర దశాబ్దాలకు పైగా ఇది మరణశాసనంగానే ఉండేది. 2019లో పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందును సహజంగా ఎఫ్ఐపీ సోకిన 31 పిల్లుల మీద ప్రయోగించి ఫలితాలు ప్రకటించింది. 26 పిల్లులు 12 వారాల చికిత్స పూర్తి చేశాయి, 25 గట్టెక్కాయి. పశువైద్య చరిత్రలో ఇంత పెద్ద మలుపు అరుదు. ఈ మందుకూ హైదరాబాదుకూ ఒక నిజమైన లంకె ఉంది. కోవిడ్ రోజుల్లో, 2020 జూన్‌లో, హైదరాబాదు సంస్థ హెటిరో 'కోవిఫర్' పేరుతో విడుదల చేసిన రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్లాక మారేది ఈ జీఎస్-441524 గానే. కొన్ని దేశాల్లో పిల్లులకు రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్‌తో మొదలుపెట్టి తర్వాత జీఎస్ మాత్రలకు మార్చే పద్ధతి వాడుకలోకి వచ్చింది. వాడుకలో ఉన్న కోర్సు 84 రోజులు. మందు కంట్లోకి, మెదడులోకి తక్కువగా చేరుతుంది కాబట్టి ఆ లక్షణాలున్న పిల్లులకు మోతాదు పెంచాలి. అంటే కంటి పరీక్ష రోగనిర్ధారణకే కాదు, మోతాదు నిర్ణయానికీ కావాలి. ఎఫ్ఐపీ అనుమానించిన ప్రతి పిల్లి కళ్లనూ, పైకి బాగున్నా, లోపలిదాకా చూడడం అందుకే అవసరం.

యువియైటిస్ నెలల తరబడి నిలిస్తే లోపలి ద్రవం బయటికి పోయే దారి మూసుకుని పీడనం పెరుగుతుంది. దీన్నే నీటికాసులు, అంటే గ్లాకోమా అంటారు. పిల్లుల్లో గ్లాకోమా ఎక్కువగా ఇలా మరో జబ్బు వెంట వచ్చేదే. కుక్కల్లోలా గబుక్కున ఎర్రబడి అరిపించదు. కన్ను నెమ్మదిగా పెద్దదవుతుంది, కనుపాప వెలుతురుకు ముడుచుకోదు. ఉబ్బిన గుడ్డు కనిపించేనాటికి చూపు సాధారణంగా పోయి ఉంటుంది. శుక్లాల కథా దాదాపు అంతే. మధుమేహం ఉన్న కుక్కలకు శుక్లాలు రావడం మామూలు, పిల్లులకు అది అరుదు. పిల్లిలో శుక్లం కనిపిస్తే పాత వాపునో దెబ్బనో వెతకాలి. ముసలి పిల్లి కంట్లో కనిపించే లేత నీలిబూడిద ఛాయ మాత్రం చాలాసార్లు లెన్స్ గట్టిపడడమే, చూపు నిలిచే ఉంటుంది.

కనుపాపలు

రెండు కనుపాపలూ ఒకే కొలతలో లేకపోతే ఏది మామూలుదో, ఏది చెడిందో తేల్చాలి. గదిలో దీపం ఆర్పినప్పుడు తేడా పెరిగితే చిన్న పాప విచ్చుకోవడం లేదన్నమాట: హార్నర్ లేదా యువియైటిస్. దీపం వేసినప్పుడు తేడా పెరిగితే పెద్ద పాప ముడుచుకోవడం లేదు: రెటీనా, కంటి నరం, పీడనం, మెదడు చూడాలి. ల్యుకీమియా వైరస్ సోకిన కొన్ని పిల్లుల్లో ఒక కనుపాప సగం మాత్రమే ముడుచుకుని ఇంగ్లీషు 'డీ' అక్షరంలా కనిపిస్తుంది. ముసలితనంలో ఐరిస్ పలచబడి అంచు చిరిగినట్టయినా పాపలు సరిగా ముడుచుకోవు.

రెండు పాపలూ కలిసి మారితే విషం సంగతి ముందు అడగాలి. కుక్కలకు పిడుదులు పోవడానికి వేసే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం. కండరాల అదురు, మూర్ఛలతో పాటు పాపలు విప్పారతాయి. కుక్కనూ పిల్లినీ కలిపి పెంచే ఇళ్లలో ఈ మందు వేసిన కుక్క పక్కన పిల్లిని పడుకోనివ్వకూడదు. పంటలకు కొట్టే ఆర్గనోఫాస్ఫేట్ మందులు సోకితే దీనికి వ్యతిరేకం: పాపలు సూదిమొనల్లా సన్నబడతాయి, చొల్లు కారుతుంది, ఊపిరి ఆడదు. పొలాల పక్కన తిరిగే పల్లె పిల్లుల్లో ఈ అనుమానం ముందుండాలి.

హఠాత్తుగా చూపు పోవడం

పన్నెండేళ్ల పిల్లి. నిన్నటిదాకా బాగానే ఉంది. ఇవాళ గోడకు గుద్దుకుంటోంది, కనుపాపలు రెండూ నల్లగా విప్పారి ఉన్నాయి, టార్చి వేసినా ముడుచుకోవు. ఒక కంట్లో కాస్త రక్తం. ఇలాంటి వర్ణన విన్న వైద్యుడు ముందు బీపీ కొలుస్తాడు. నీళ్లు దిగిన గోడకు సున్నం పెచ్చు లేచినట్టు, ఎక్కువ పీడనంతో రక్తనాళాల నుంచి ద్రవం కారి రెటీనా తన ఆధారం నుంచి లేచిపోతుంది.

పిల్లుల్లో రక్తపోటు ఎక్కువగా మరో జబ్బు వెంటే వస్తుంది. మూత్రపిండాలు మెల్లగా చెడిపోవడం మొదటి కారణం. 1979లో న్యూయార్క్‌లో పిల్లుల్లో తొలిసారి వర్ణించిన థైరాయిడ్ ఉద్ధృతి రెండోది. ఆ పిల్లి బాగా తింటుంది, అయినా చిక్కిపోతుంది. పై పీడనం 140 లోపు ఉంటే మామూలు, 160 దాటితే బీపీ, 180కి చేరితే కళ్లు, మెదడు, గుండె, మూత్రపిండాలు తీవ్ర ప్రమాదంలో ఉన్నట్టు. ఆసుపత్రి భయంతో కూడా అంకె పెరుగుతుంది కాబట్టి కాసేపు గదిలో కుదురుకోనిచ్చి, చాలాసార్లు కొలిచి సగటు తీస్తారు. మనుషులకిచ్చే ఆమ్లోడిపిన్ ఇక్కడా ప్రధాన ఔషధం. మోతాదు మాత్రం పిల్లి బరువును బట్టి వైద్యుడే తేల్చాలి. ఒకటి రెండు రోజుల్లో చికిత్స మొదలైతే రెటీనా మళ్లీ అతుక్కుని కొంత చూపు రావచ్చు. వారం గడిస్తే ఆశ సన్నగిల్లుతుంది. చూపు రాకపోయినా మందు ఆపకూడదు, మెదడును, గుండెను కాపాడేది అదే. ఏడేళ్లు దాటిన పిల్లికి ఏడాదికోసారైనా బీపీ చూడమని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. మన దగ్గర ఇది చాలా తక్కువగా జరుగుతుంది. తెలిసిన ఇంట్లో తిరుగుతున్నప్పుడు గుడ్డి పిల్లి కూడా మీసాలతో, జ్ఞాపకంతో దారి పట్టేస్తుంది కాబట్టి చూపు తగ్గడం చాలాకాలం బయటపడదు. దాని ముందు చప్పుడు లేని దూది ఉండ జారవిడిచి తల తిప్పుతుందో లేదో చూడడం ఇంట్లో చేయగల తేలికైన పరీక్ష.

తిండి, మందులు

పిల్లి మాంసం తిని బతికే జంతువు. టారిన్ అనే పదార్థాన్ని అది ఒంట్లో తగినంత తయారు చేసుకోలేదు. మాంసం, చేపల నుంచే రావాలి. టారిన్ లోపిస్తే రెటీనా చెడుతుందని 1975లో 'సైన్స్' పత్రికలో హేస్ బృందం నిరూపించింది. అదే లోపం గుండె కండరాన్ని బలహీనపరిచి ఉబ్బిస్తుందని 1987లో పాల్ పియన్ బృందం చూపింది. ఆ తర్వాతే పిల్లుల దాణాలో టారిన్ పెంచారు. రెటీనాకు జరిగిన నష్టం మళ్లీ పూడదు. తిండి మారిస్తే మిగిలిన చూపు నిలుస్తుంది.

ఈ సంగతి తెలుగు ఇళ్లకు సూటిగా తగులుతుంది. పెరుగన్నం, పాలన్నం పెట్టి పిల్లిని పెంచేవాళ్లు మనలో చాలామంది. అన్నంలో టారిన్ లేదు, ఆవుపాలలో అత్యల్పం. బయట ఎలుకలను, బల్లులను పట్టుకునే పిల్లి ఆ లోటు తీర్చుకుంటుంది. అపార్ట్‌మెంట్‌లో తలుపులు వేసి పెంచే పిల్లికి ఆ అవకాశం లేదు. శాకాహార ఇళ్లలో కనీసం టారిన్ కలిపిన పిల్లుల దాణా అయినా పెట్టాలి. కుక్కల దాణా సరిపోదు. కోడిమాంసం ఉడకబెట్టి పెట్టేవారు ఆ నీళ్లు పారబోయకూడదు, టారిన్ నీళ్లలోకి దిగిపోతుంది.

మందుల్లో జాగ్రత్త పడవలసింది ఎన్‌రోఫ్లోక్సాసిన్. పశువైద్యంలో విరివిగా వాడే ఈ యాంటీబయాటిక్ ఎక్కువ మోతాదులో పిల్లి రెటీనాను శాశ్వతంగా చెడగొడుతుందని 2001లో వెల్లడైంది. రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు మించకూడదు. కుక్కకు రాసిచ్చిన మందును పిల్లికి లెక్కగట్టి వేయడం ఇందుకే ప్రమాదం. జ్వరమని పారాసిటమాల్ ఇవ్వడం ఇంకా ఘోరం. పిల్లి కాలేయం దాన్ని విరిచేయలేదు, రక్తం గోధుమరంగుకు తిరిగి, ముఖం, రెప్పలు ఉబ్బి ప్రాణం పోతుంది.

రంగు చెప్పేవి

తెల్లగుడ్డు పసుపెక్కితే కామెర్లు. లావుగా ఉన్న పిల్లి ఏ కారణంతోనైనా కొన్ని రోజులు తిండి మానేస్తే కొవ్వు కాలేయంలోకి చేరి అది పనిచేయడం మానేస్తుంది. చిక్కిన పిల్లి కంటే లావు పిల్లి ఉపవాసం ఎక్కువ ప్రమాదం. రెప్ప లోపలి పొర పాలిపోతే రక్తహీనత. రక్తం పీల్చే పురుగులు పట్టిన పిల్లిపిల్లలు, ఎర్రకణాలను నాశనం చేసే మైకోప్లాస్మా సోకిన పెద్ద పిల్లులు ఈ తీరున కనిపిస్తాయి.

ఐరిస్ మీద గోధుమరంగు చుక్కలు పడితే ఓపికగా గమనించాలి. చదునుగా, ఏళ్ల తరబడి అలాగే ఉంటే పుట్టుమచ్చ లాంటివే కావచ్చు. విస్తరించి, ఉబ్బి, కనుపాప ఆకారం మార్చేస్తే మెలనోమా అనుమానం. ఇది మెల్లగా పెరిగినా కాలేయానికి, ఊపిరితిత్తులకు పాకగలదు. ప్రతి కొన్ని నెలలకూ ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫోనుతో ఫొటో తీసి దాచుకోవడం ఎంతో ఉపయోగం. జ్ఞాపకం కంటే ఫొటో నమ్మదగినది.

నొప్పి

కన్ను సగం మూయడం పిల్లికి రెండు సందర్భాల్లో వస్తుంది. నచ్చిన మనిషి ముందు నెమ్మదిగా రెప్పలు వాల్చి తెరవడం స్నేహం. 2020లో ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, మనుషులు అలా రెప్పలార్పితే పిల్లులు తిరిగి అదే చేస్తాయనీ, దగ్గరికి రావడానికి మొగ్గు చూపుతాయనీ చూపారు. కళ్లు బిగించి మూయడం నొప్పి. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో 2019లో రూపొందిన ముఖకవళికల కొలమానం చెవులు, కళ్ల బిగింపు, మూతి, మీసాలు, తల వంపు అనే ఐదింటికి ఒక్కొక్కదానికి 0 నుంచి 2 దాకా మార్కులు వేస్తుంది. 10కి 4 వస్తే నొప్పి మందు అవసరమని లెక్క. స్నేహపు చూపులో చెవులు నిక్కగా, ఒళ్లు సడలి ఉంటుంది. నొప్పిలో చెవులు పక్కలకు వాలి, తల భుజాల కంటే కిందికి దిగుతుంది.

పరీక్ష, చికిత్స

హఠాత్తు అంధత్వం, తెరవలేని కన్ను, కంట్లో రక్తం, ఉబ్బిన గుడ్డు, ఒక్కరోజులో తెల్లబడిన నల్లగుడ్డు ఉంటే ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. సున్నమో, ఫినాయిలో పడితే ప్రయాణానికి ముందే మామూలు నీళ్లతో కనీసం పావుగంట కడగాలి. సున్నం వంటి క్షారాలు కార్నియాలోకి దిగుతూనే ఉంటాయి కాబట్టి ఆ పావుగంట ఏ మందు కంటే విలువైనది. పిల్లి రుద్దుకోకుండా మెడకు కోన్ కట్టాలి.

తెలుగు రాష్ట్రాల్లో పశువైద్యం పాడిపశువుల చుట్టూ పెరిగింది. మండల ఆసుపత్రిలో పిల్లి కంటి పీడనం కొలిచే టోనోమీటర్ దొరకడం కష్టం. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయాల కళాశాలలకు బోధనాసుపత్రులున్నాయి. దగ్గరి వైద్యుడికి అనుమానం వస్తే అలాంటి చోటికి పంపమని అడగడంలో తప్పు లేదు.

చూపు పోయిన పిల్లి బాగానే బతుకుతుంది. తిండి గిన్నె, మట్టి ట్రే చోటు మార్చకుండా, బాల్కనీకి వల కట్టి, ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలిస్తే కొన్ని వారాల్లో ఇంటిని నేర్చేసుకుంటుంది. నొప్పి తగ్గని గుడ్డి కన్నును తీసేయడం క్రూరం అనిపించినా పిల్లికి అది ఉపశమనం. తీసిన రోజు తర్వాత మళ్లీ ఆడుకోవడం మొదలుపెట్టిన పిల్లిని చూస్తే, అంతకుముందు నెలల మందకొడితనం ముసలితనం కాదనీ, నొప్పేననీ ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. తీసిన కన్నును పారేయకుండా పాథాలజీ పరీక్షకు పంపాలి. లింఫోమా, మెలనోమా, సార్కోమా, శిలీంధ్రం ఏదైనా అక్కడ బయటపడితే, మిగిలిన కన్నుకూ మిగిలిన ఒంటికీ ఏ పరీక్షలు చేయాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు.